కాపురపు బస్సు పిలుపు

కార్తీకమాసము నడచుచుండెను. పాడేరు కొండలయందు వలిసెచేలు విరగబూచి అస్తమయభానుకిరణస్పర్శచే కరగిన కనకద్రవమువలె ఏటవాలుల వెంబడి లోయలలోనికి జాలువారుచుండెను. ఆ పసుపువన్నెను క్రిందనుండి మెల్లమెల్లగా మ్రింగుచు పైకెగబ్రాకు శీతలహిమధూమపటలము తొలుత లోయలను పిదప చెట్లను తుదకు సంతనుండి మరలు జనుల కంఠస్వరములను సైతము తనలో గలుపుకొనుచుండెను. గూళ్లు చేరు పక్షుల కలకలము గూడ నంతకంతకు నణగిపోవ కొండయంతయు నెవరి పిలుపునకో చెవి యొగ్గి నిలిచినట్లుండెను.

ఊరి చివర గవరయ్య యను మోటారు మేస్త్రి షెడ్డున కెదురుగా నొక విచిత్రవాహనము నిలిచియుండెను. దానిని బస్సందమన్న లోపల పొయ్యియు మంచమును గిన్నెల యలమారయు నుండెను. ఇల్లందమన్న క్రింద చక్రములుండెను. పూర్వమొక జమీందారు వేటకై యడవిలో దినములకొలది విడియగోరి సీమనుండి తెప్పించిన లారీ చట్రముపై టేకుచెక్కతో గట్టించిన యా శకటము, జమీందారీలు పోయిన పిమ్మట చేతులు మారి మారి తుదకు హార్మోనియములు బాగుచేయు దాలినాయుని పాల బడెను. అతడు దానియందే కాపురముండి కొండమీది సంతలకును పల్లపుసీమ భజనమందిరములకును దిరుగుచు చెడిన శ్రుతులను సవరించి బ్రతుకుచుండెను. జనులు దానిని కాపురపు బస్సనుచుండిరి.

దాని నెత్తిమీద మూడిత్తడి బాకాలు గల గాలిహారను గలదు. పాడుబడిన యొక లారీనుండి విప్పి తెచ్చి దాలినాయుడు దానిని స్వహస్తములతో బిగించి బాకాలు మూటిని షడ్జ గాంధార పంచమములకు శ్రుతిచేసికొనియుండెను. ఇంజను దిరుగునపుడు పంపొకటి గాలిని ద్రొక్కి క్రిందనున్న యినుపతొట్టిలో నింపును. మీట నొక్కినంతనే యా గాలి గొట్టముల వెంబడి పరువెత్తి బాకాల మొదటనున్న పలుచని రేకులను వడకించి మూడు స్వరముల నొక్కటిగా ఘోషించును. ఘాటుత్రోవలో నా ఘోషము విన్న లారీవారు మలుపున కావలనే యాగి, కాపురపు బస్సు వచ్చుచున్నదని చెప్పుకొనెడివారు.

ఆ సాయంకాలమున దాలినాయుని భార్య వరహాలమ్మ పొయ్యి రాజేసి యెసరు పెట్టెను. చేరువ మంచముపై జ్వరము విడిచి నీరసించిన చిన్నికూతురు మంగ యొత్తిగిలి పండుకొనియుండెను. డ్రైవరు కూర్చుండుచోట నెవరును లేరు. మీట నెవరును ముట్టలేదు. బియ్యము కుతకుతలాడు వేళకు నెత్తిమీది బాకాలు మూడును నొక్కమారుగా గొంతు విప్పి పొగమంచును జీల్చుకొని దీర్ఘముగా మ్రోసెను.

వరహాలమ్మ తిరిగి చూడలేదు. మంగయు నేడువలేదు. ఆ యింట దినమున కొక్కమారు సందెవేళనే పొయ్యి ముట్టింతురు; ముట్టించిన ప్రతిదినమును వారి కది యలవాటే. ఆ మ్రోత వెనుక పరువెత్తివచ్చు నడుగుల చప్పుడును నలవాటే. టీదుకాణమున సగము త్రాగిన గ్లాసు విడిచి దాలినాయుడు రొప్పుచు వచ్చి కాళ్లు కడుగుకొని పళ్లెము ముందు గూర్చుండెను. అతని చూపు వడ్డించుచున్న చేతిమీద నిలువలేదు. పొయ్యి వెనుక చెక్కగోడమీదనే నిలిచియుండెను.

ఆ గోడ కథ యా ప్రాంతమున నెరుగనివారు లేరు. వరహాలమ్మకు ముందు నూకరత్నమను నామె యా యింటి యిల్లాలు. ఏ యూరికి బోయినను నాయుడు భజనమందిరమున గూర్చుండి హార్మోనియపు రేకులు గీకుకొనుచు నాకలి మరచువాడు. అందుచే నతడు పొయ్యి వెనుక గాలిగొట్టమున కొక వాల్వు నమర్చి దానికి తీగయు తీగ చివర నుంగరమును గట్టి భార్య చేతి కిచ్చెను. వంట యైనంతనే నూకరత్న మా యుంగరము లాగును. వాల్వు తెరచుకొని యూరంతయు వినబడ బాకాలు మ్రోయును. "అదిగో, నాయుడికి కూడుడికినాది" అని జనులు నవ్వుచుండ నతడు లేచి పోవును.

ఒక శ్రావణమాసమున నొక పల్లెలో నతడు మందిరపు హార్మోనియము పెట్టెకు కడపటి రేకెక్కించుచుండ వేళగాని వేళ బాకాలు మ్రోసెను. "ఈయేళ ఎసరు తొందరగా పెట్టినట్టుంది. ఈ రేకొక్కటీ ఎక్కించి ఎల్తాను" అని యతడు చుట్టునున్నవారితో జెప్పెను. బాకాలు మరల మ్రోసెను. మరల మ్రోసెను. మారుమారునకు స్వరము సన్నగిలి తుదకు తొట్టిలోని గాలి యైపోయి యూపిరి విడిచినట్లు చల్లగా నాగిపోయెను. శ్రుతి సరిచూచుకొని యతడు చేరునప్పటికి నూకరత్నము పొయ్యి చెంత బడియుండెను. త్రాచుపాము కఱచిన కాలు నల్లబడియుండెను. ఉంగర మింకను వ్రేలనే యుండెను.

కర్మకాండ ముగిసిన పిదప నతడు తీగను ద్రెంచి పారవైచి గోడపై నొక పలక మోపి మేకులు కొట్టెను. పొయ్యి రాజేయకయే యేడాది తిరిగినంతట బంధువులు బలవంతపెట్టి వరహాలమ్మను గట్టబెట్టిరి. ఆమె యా బస్సున తొలిసారి పొయ్యి ముట్టించిన సందెవేళనే, తీగ లేకయే, లాగు చేయి లేకయే, బాకాలు మ్రోసెను. నాయుడు పరువెత్తుకొనివచ్చి గుమ్మము పట్టుకొని గోడవంక జూచుచు నిలిచిపోయెను. నాటినుండి నాలుగేండ్లుగా నామె పొయ్యి ముట్టించిన యే సందెయు నా పిలుపు తప్పలేదు. అతని పరుగును తప్పలేదు. బస్సు కదలని దినములందును నతడు ప్రొద్దుననే యింజను కొంతసేపు ద్రిప్పి తొట్టి నింపుట మరువడు. పిలుచువారి కూపిరి చాలవలెను గదా యని యతని తలపు. తాను వండిన యన్నమునకు మఱియొకతె పిలుచుటను వరహాలమ్మ మౌనముగా సహించెను. పళ్లెము తనదే యైనను పిలుపు తనది గాదు.

అయితే ముందునాటి ఘాటుప్రయాణ మామె సహనమునకు హద్దు గీచెను. బిడ్డకు జ్వరము కాయుచుండ గంజి కాచుటకై యామె యెన్నడును లేనిది నడచుచున్న బస్సునందే పొయ్యి ముట్టించెను. బస్సు నత్తనడకన మలుపు వెనుక మలుపెక్కుచుండ బాకాలు తమంత దామే కూయుచు నాగుచు మరల కూయుచుండెను. మంచు దట్టమైన యొక మలుపున నాయుడు మీట నొక్కెను. బాకాలనుండి యొక నిట్టూర్పు వెడలెను. అంతకంటె నేమియు రాలేదు. ఎదుటి మంచులోనుండి కలపలారీ యొకటి విరిగిపడు కొండచరియవలె మీదికి వచ్చెను. నాయుడు స్టీరింగు ద్రిప్పి బ్రేకు ద్రొక్కెను. లారీ యొరసికొని పోయెను. గంజిగిన్నె దొర్లిపోవ బిడ్డను రొమ్మున హత్తుకొని వరహాలమ్మ కిటికీనుండి క్రిందికి జూచెను. అచట నేల గానరాలేదు. తెల్లని శూన్యమొకటి నోరు దెరచుకొనియుండెను.

కావున నా సాయంకాలమున నతడు చేయి కడుగుకొనునంతవఱకు నోర్చి యామె నోరు విప్పెను.

"ఎల్లుండి దిగువకెల్తావు గదా?"

"ఎల్లాల. సోడవరం భజనోళ్ల పెట్టెలు నా కాడే ఉండిపోనాయి."

"నువ్వెల్లు. నానెక్కను. గుంటనీ ఎక్కించను. నువ్వు నొక్కినప్పుడు ఆ బాకా పలికేదాకా ఈ బండిల నాను కాలెట్టను."

"బాకా బాగానే ఉంది."

"నిన్న మలుపుకాడ బాగున్నాదేటి?"

దాలినాయుడు గోడవంక జూచి గొంతు తగ్గించెను. "దానికి కోపమొచ్చినాది. గుంటకి జొరమని తెల్సీ నాను బండాపనేదు. అందుకూ."

"సచ్చిపోనోళ్ల కోపం నాకేటి తెల్సు. బతికున్న గుంట నాది. రేపు గవరయ్యన్నకి సూపింతాను."

అతడు పైపంచె భుజమున వైచుకొని లేచి గుమ్మము దాటుచు ననెను. "సూపించు. ఆ గోడ జోలికి మాత్రం ఎల్లనీకు."

మఱునాటి యుదయమున గవరయ్య నిచ్చెన వేసికొని బస్సు నెత్తి కెక్కెను. తన వీథి మందిరపు హార్మోనియమునకు నాయుడు శ్రుతి కుదుర్చునట్లును నాయుని బాకాలకు తాను గొంతు సవరించునట్లును నిరువురకు నొడంబడిక కుదిరెను. నాయుడింజను ద్రిప్పి తొట్టి నింపి తన పనిముట్ల సంచితో మందిరమునకు బోయెను. గవరయ్య యూరక పని చేయు స్వభావము గలవాడు గాడు. పైనుండి బాకా విప్పుచు నొక మాట, గొట్టము దులుపుచు నొక మాట క్రిందికి విసరుచునే యుండెను.

"ఓలప్పా, ఈ నడిమి బాకాల కందిరీగలు మేడ కట్టీసినాయి. మీ యింటాయన కంటే ఆటికే తెలివుంది. అద్దె నేని కొంప."

"నీ కొంపకి అద్దెవరిత్తన్నారన్నా?"

"మా అత్తోరి కొంప. మాటలే అద్దె. రోజూ పడతాను."

వరహాలమ్మ నవ్వెను. ఆమె నవ్వు విని మంగయు నవ్వెను. గవరయ్య మట్టిగూళ్లు గీకివైచి, పగులువారిన రేకు మార్చి, వాన నీరు లోన జొరకుండ బాకాల నోళ్లను రవంత క్రిందికి వంచి మరల బిగించెను. తొట్టి యడుగు బిరడా విప్పగా త్రుప్పునీరు ఎఱ్ఱగా గారెను. ఇంజను ద్రిప్పి క్రొత్తగా గాలి నింపి, సబ్బునురుగు కుంచెతో నద్దుచు గొట్టము పొడవునను నతుకు నతుకును బరీక్షించెను. గాలి కారుచోట నురుగు బుడగలై పొంగును. ఎచటను బొంగలేదు. గొట్టము చెక్కపలక వెనుకకు దూరుచోట నొక కుంచెడు నురుగు పులిమి యతడు తల గోకికొనెను.

"నాయుడుబావ బిగింపు సిక్కటి బిగింపు. సూదంత కారుడు నేదు. మరి మొన్న మలుపుకాడ గాలేటయిపోనాది?"

అతడు మీట నొక్కి చూచెను. బాకాలు కొండ దద్దరిల్ల మ్రోసెను. ఇక జెడినదేమియు లేదని యతడు నిర్ణయించి గుమ్మము మెట్టుపై గూర్చుండి టీ నడిగెను. వరహాలమ్మ పొయ్యి రాజేసి నీళ్లు పెట్టెను.

"ఒక మాటడుగుతాను ఏమనుకోకప్పా. రేతిరిపూట బయ్యమెయ్యదా నీకు? ఊరంతా అంటారు, ఆ యింట్లో ఇద్దరాడోళ్లని."

"ఇద్దరుంటే పని సగమయ్యేది గదన్నా. అంట్లన్నీ నానే తోముతన్నాను."

గవరయ్య పకపక నవ్వబోవునంతలో బాకాలు మ్రోసెను. వాని చేతినుండి కుంచె జారిపడెను. మెట్టు దిగి నేలమీద నిలిచి, పరువెత్తుటయో నిలుచుటయో తెలియక వాడు బస్సువంక జూచుచు బిగుసుకొనిపోయెను. 

వరహాలమ్మ మాత్రము కదలలేదు. నాలుగేండ్లుగా నా పిలుపు వినబడినపు డామె కంచము సర్దుటయో నెసరు దింపుటయో చేయుచుండెడిది. గోడవంక జూచుట కామె కెన్నడును మనసొప్పలేదు. అది మఱొకతె చోటు. ఈనాడు మాత్రము తెల్లని నురుగొకటి పలక యంచున మెఱయుచుండుటచే నామె కన్నటు పోయెను. ఇంతకుముందు చప్పబడియున్న యా నురుగు బుస్సున బొంగి పెద్ద పెద్ద బుడగలై పగులుచుండెను.

"అన్నా, ఇటురా. ఇది సూడు."

"నాను రాను తల్లీ."

"రాకపోతే టీ నేదు."

గవరయ్య బెదరుచు వచ్చి తొంగి చూచి, చేయి చాచి పలకను ముట్టి చటుక్కున వెనుకకు దీసికొనెను. చెక్క వేడెక్కి కాలుచుండెను. ఆమె యతనినేమియు నడుగలేదు. పొయ్యిలోని నిప్పులను పట్టుకారుతో దీసి బయట నీళ్లు చల్లి యార్పెను. ఇరువురును గోడ యెదుట బిడ్డను బెట్టుకొని కూర్చుండిరి. చెక్క చల్లారెను. బుడగలు సన్నగిలి నిలిచిపోయెను. ఆమె క్రొత్తగా నురుగు పులిమి మరల పొయ్యి ముట్టించెను. కొంత తడవునకు బుడగలు పొంగెను. బాకాలు మ్రోసెను.

"పలకెనకాల పాత వాల్వుండిపోనాదప్పా," అని గవరయ్య మెల్లగా ననెను. వాని గొంతులో భయము పోయి వాని మామూలు ధోరణి వచ్చియుండెను. "తీగొక్కటే తెంపినాడు. పలక బిగించినాక సెగ లోపలే ఆగిపోయి రబ్బరు బిళ్ల మెత్తబడి బెల్లంపాకమైపోతంది. గాలి దాన్ని లేవగొట్టి బాకాలకి పారిపోతంది. సల్లారితే మళ్లీ బిగుసుకుంటాది. ఇంకేటీ నేదు."

ఇంకేమియు లేదు. ఆ మాట వరహాలమ్మ చెవిలో బాకా మ్రోతకంటె బిగ్గరగా వినబడెను. ప్రతిసందెయు భర్తను పరుగెత్తించి తెచ్చినది తన నిప్పే. మొన్నటి మలుపున నున్న గాలినంతయు ముందుగానే వెచ్చపెట్టి బాకాను మూగబుచ్చినదియు బిడ్డకై తాను రాజేసిన నిప్పే. ఆమె మంగను దగ్గరకు దీసికొని తల నిమురుచు గూర్చుండెను.

"బావొచ్చీలోపు పలకూడదీసి వాల్వు లాగీసి బిరడా కొట్టీనా? మళ్లీ మేకులెట్టీసినానంటే ఆయనకి తెలీదు."

"వొద్దన్నా. ఆయన సేత్తో బిగించింది. ఆయన సేత్తోనే రావాల."

"గోడ ముట్టొద్దన్నాడన్నావు గదా. ఒప్పుకుంటాడేటి?"

ఆమె టీగ్లాసు వాని ముందుకు జరిపెను. గవరయ్య చల్లారిన టీ నొక్కగుటకలో ద్రాగి పనిముట్లు సర్దుకొని పోయెను. స్పానరొకటి మాత్రము గుమ్మము చెంత వదలిపోయెను. మరచిపోయినట్లు గాక పెట్టిపోయినట్లు అది యడ్డముగా నుండెను.

తక్కిన పగలంతయు వరహాలమ్మ మనసు రెండు త్రోవల నడుమ నిలిచిపోయిన బండియై యుండెను. చెప్పకున్నచో నా వాల్వుతోనే ఘాటు దిగవలసియుండును. పొయ్యి రాజేయకుండ దిగిన నేమగునని యొక తలపు వచ్చెను. బిడ్డకు మరల జ్వరము రాదా, మరల నిప్పు కావలసిరాదా యని మఱియొక తలపు దానిని దరిమెను. చెప్పినచో? నాయుడు తన చేతియన్నము దినుట నూకరత్నము పిలిచినదని గదా. ఆ పిలుపే లేదన్ననాడు తన పళ్లెము ముందతడు గూర్చుండునో లేదో ఆమె యెరుగదు. చచ్చినదాని సెలవుతో నిలిచిన కాపురము సెలవు పోయిన పిదప నేమగునో యామె యెరుగదు.

ఆ సందెవేళ నామె పొయ్యి ముట్టింపలేదు. మంగకు టీదుకాణపు పాలు పట్టి గుమ్మమున గూర్చుండెను. మంచు దిగెను. సంత వీథి దీపములు మసకబారెను. బాకాలు మ్రోయలేదు. చాలసేపటికి నాయుడు తనంత దానే వచ్చెను. దారి తప్పినవానివలె తడబడుచు వచ్చి నెత్తివంక నొకమారు జూచెను.

"పిలవనేదేటి?"

"పొయ్యి ముట్టించనేదు."

అతడు మెట్టుపై కూలబడెను. ఆమె యెదుట నిలిచి జరిగినదంతయు నొక్క పొల్లు దాచక చెప్పెను. నురుగు చెప్పెను. సెగ చెప్పెను. రబ్బరుబిళ్ల చెప్పెను. అతడు వినుచు నాశ్చర్యపడినట్లు గానరాలేదు. అదియే యామెను మిక్కిలి కలవరపరచెను.

"నీకు తెల్సా?" అని యామె యడిగెను.

"వాల్వు సంగతి తెలీదు. అది లోపలే ఉందని మర్సిపోనాను. మర్సిపోవాలనే మేకులు కొట్టినాను." అతడు చేతులవంక జూచుకొనెను. "నువ్వు పురిటికెల్లినావు సూడు, ఆ మూడు నెల్లూ పలకనేదు. రోజూ తొట్టి నింపి సందేల ఈ మెట్టుమీదే కూకున్నాను. పలకనేదు. నువ్వు గుంటనెత్తుకొచ్చి పొయ్యి ముట్టించినావు. పలికినాది. అప్పుడనుకున్నాను, నీ సేతికూడు దానికి ఒప్పిందని. తినమంతందని."

"అది తినమన్నాదని తిన్నావు."

అతడు తల వంచుకొనెను.

వరహాలమ్మ లోపల మంచముపై నున్న మంగను జూపెను. "మొన్న మలుపుకాడ నీ నూకరత్నం కోపం కాదు. గాలంతా నా పొయ్యి తాగీసినాది. ఈ గుంటని లోయల పారెయ్యబోయింది నాను. నీకు కోపముంటే నా మీద ఉండాల. దాని మీదా నేదు, దాని కోపమూ నేదు. అక్కడున్నది నానొక్కదాన్నే."

దాలినాయుడు తలయెత్తి యామెను జూచెను. నాలుగేండ్ల కాపురమున నతడామె మొగము నంతసేపు చూచుట యదియే తొలిసారి. పిదప లేచి గుమ్మము చెంత నున్న స్పానరు దీసికొని లోనికి బోయెను. ఆమె లాంతరు పట్టెను. మేకులూడదీయునపుడు టేకుచెక్క కీచుమని యేడ్చెను. పలక తొలగెను. మసిబారిన యిత్తడివాల్వు గోడను గఱచుకొనియుండెను. దాని మెడకు ద్రెంచిన తీగ తునుక యింకను వ్రేలాడుచుండెను. దానిని గాంచి యతడు స్పానరు పట్టిన చేతిని దింపెను. ఆమె తొందరపెట్టలేదు. లాంతరు కదలనీయక నిలిచెను.

అతడు మరల స్పానరెత్తి మర ద్రిప్పెను. వాల్వు వదులైనంతనే తొట్టిలో మిగిలిన గాలి సన్నని మూల్గుతో బయటికి వెడలసాగెను. అతడు చటుక్కున రంధ్రమున కఱచేయి యడ్డుపెట్టెను. గాలి వ్రేళ్ల సందులనుండి వెడలుచునే యుండెను. అది పూర్తిగా నుడిగిపోవునంతదాక నతడాచేయి దీయలేదు. ఈమారు కడవఱకు దగ్గర నిలిచెను. అంతయు నుడిగిన పిదప బిరడా బిగించి పైపంచెతో మొగము దుడుచుకొని బయటికి వచ్చి యా రాత్రి మందిరపు టరుగుమీద పండుకొనెను.

ఎల్లుండి యనుకొన్న ప్రయాణపు దినము వచ్చెను. ప్రొద్దెక్కినను మంచు విడువలేదు. వరహాలమ్మ బిడ్డ నొడిలో బెట్టుకొని వంటచోట గాక డ్రైవరు ప్రక్కన గూర్చుండెను. పిలువకయే వచ్చి కూర్చున్నదని నాయు డనలేదు. మొన్నటి మలుపు దగ్గరపడుచుండ నతడు వేగము తగ్గించెను. మీట నొక్కెను. షడ్జగాంధారపంచమములు మూడును నొక్క ప్రవాహమై మంచును జీల్చెను. ఆవలనుండి బస్సు హారనొకటి బదులు పలికెను. ఎదుటి బస్సు కొండవైపు నొదిగి నిలిచి దారి యిచ్చెను. దాని డ్రైవరు కిటికీనుండి చేయి యెత్తి, "నాయుడుబావా, గొంతు సాపయినట్టుందే" అని కేకవైచి పోయెను. నాయుడు తన బాకా మ్రోత యెదుటి కొండను దాకి మరలివచ్చి మఱొక కొండను దాకి సన్నగిలి సన్నగిలి లోయలో మునుగునంతవఱకు చెవి యొగ్గి వినుచుండెను. మునిగిన పిదప గేరు మార్చెను.

సందెకు పల్లమునకు దిగి చోడవరము చేరువ మామిడితోపు ప్రక్కన బస్సు నిలిపిరి. అచట మంచు లేదు. చెఱకు పొలములమీదుగా వెచ్చని గాలి వీచుచుండెను. నాయుడు తోపులో జాపపై భజనవారి పెట్టె విప్పుకొని గూర్చుండెను. వరహాలమ్మ పొయ్యి ముట్టించెను. ఎసరు మరగెను. అన్నముడికెను. పప్పు దిగెను. బిరడా కొట్టిన గోడ కిమ్మనలేదు.

అతడు రేకులు గీకుచు నడుమనడుమ తల యెత్తి బస్సు నెత్తిమీది బాకాలవంక జూచి మరల తల వంచుకొనుచుండెను. పళ్లెము పెట్టి, నీళ్లు పెట్టి, వరహాలమ్మ వేచియుండెను. వేచియుండగా నామె కొక సంగతి తట్టెను. ఈ నాలుగేండ్లలో నన్నమునకు రమ్మని తానతని నొక్కమారైనను బిలువలేదు. ఏమని పిలువవలెనో యామెకు దెలియదు. అతని పేరు చెప్పుట తన యింటి యాచారము గాదు. మావా యని పిలుచు చనువు వారి నడుమ నెన్నడును బుట్టలేదు. బిడ్డ తండ్రిగా బిలువవచ్చునని తోచి యామె గుమ్మమునకు వచ్చి గొంతు సవరించుకొనెను.

"మంగ అయ్యా."

ఆ మాట యామె పెదవుల కావలకు బోలేదు. కమ్ముకొను చీకటిలో నతడు వంగి యే రేకునో వెదకుచునే యుండెను. ఆమె గడప పట్టుకొని మరల బిలిచెను. ఈమారు చెఱకు పొలమున కావలి మంచెమీది మనిషి సైతము తిరిగి చూచెను.

"మంగ అయ్యా, కూడొడ్డించినాను. రా."

దాలినాయు డులికిపడి లేచెను. లేచి నెత్తివంక జూచెను. పిదప గుమ్మమువంక జూచెను. పరువెత్తలేదు. పెట్టె మూసి, గుడ్డ కప్పి, నడచి వచ్చి కాళ్లు కడుగుకొని పళ్లెము ముందు గూర్చుండెను. మొదటి ముద్ద నోటబెట్టుకొని చాలసేపు నమలెను. ఇన్నేండ్లలో నతడామె వంటను బాగున్నదని గాని బాగులేదని గాని యన్నవాడు గాడు. నూకరత్నము పిలువగా వచ్చినవాడు నూకరత్నము వంటయే తినిపోవువాడు.

"పప్పుల ఉప్పు సాలనేదు," అని యతడనెను.

వరహాలమ్మ లోనికి బోయి ఉప్పు తెచ్చి పళ్లెము వారకు వడ్డించెను.  అతడు దానిని కలుపుకొనుచుండెను.

అంతలో దూరమున, కొండలవైపు పెద్దబాటలో, ఏదో లారీ హారను దీర్ఘముగా మ్రోసెను. నాయుని చేయి నోటికి బోవుచు నడుమ నిలిచిపోయెను. అతడు మోకాలిపై నొక చేయి మోపి సగము లేచెను. వరహాలమ్మ యన్నపుగిన్నె పట్టుకొని కదలక నిలిచెను. ఆ మ్రోత యింకొకమారు వినవచ్చి, క్షీణించి, చెఱకాకుల గలగలలో గలసిపోయెను. సగము లేచిన మనుజుడు లేచినట్లే చాలసేపు ఉండి, మెల్లగా మరల కూర్చుండి, తల యెత్తక పళ్లెము ముందుకు జరిపెను.

"మరి కొంచెం పెట్టు," అనెను.